సెకండ్‌హ్యాండ్ దుకాణాల్లో దొరికే మగవారి పాతకాలపు కోట్లు: ఎలా ఎంచుకోవాలి, ఎలా తొడుక్కోవాలి?

ప్రశ్న అడిగినవారు: ఉన్నికోటు

ఏడాదిగా నేను పాతబట్టల దుకాణాల్లో మగవారి పాతకాలపు కోట్ల కోసం వెతుకుతున్నాను. ఇప్పుడు కొత్తగా అమ్ముతున్న కోట్లలో చాలావాటిని చేత్తో పట్టుకుంటే పలచగా, బిరుసుగా, ప్రాణం లేనట్టుగా అనిపిస్తాయి. అదే కొన్ని దశాబ్దాల కిందట కుట్టిన ఉన్ని కోటును హ్యాంగరు నుంచి తీసి చేతిమీద వేసుకుంటే దాని బరువు, దాని వాలు, వేళ్ల మధ్య అది నలిగి తిరిగి లేచే తీరు పూర్తిగా వేరుగా ఉంటాయి. ఆ తేడా ఒకసారి తెలిసిన తర్వాత నా మనసు మరో వైపుకు పోవడం లేదు. అయితే ఇష్టం ఉంటే సరిపోదని, చూసే పద్ధతి కూడా తెలియాలని మూడు కోట్లు కొన్న తర్వాత అర్థమైంది.

మొదటిది బూడిదరంగు కోటు. లోపలి చీటీ మీద నా కొలతే ఉండటంతో తొడిగి చూడకుండానే కొన్నాను. ఇంటికి వచ్చి వేసుకుంటే భుజాలు బయటికి జారిపోయాయి. దర్జీ దగ్గరికి తీసుకువెళితే ఆయన భుజాల మీద చెయ్యి వేసి చూసి, దీన్ని ఏమీ చేయలేమని తిరిగి ఇచ్చేశారు. రెండోది ముదురు నీలం కోటు. దుకాణంలోని దీపాల వెలుగులో నిక్షేపంగా కనిపించింది, పగటి వెలుగులో చూస్తే చేతి వెనక భాగంలో ఆవగింజంత రంధ్రాలు బయటపడ్డాయి. ఇంకా బాధ కలిగించిన విషయం ఏమిటంటే, దాని పక్కన తగిలించిన నా స్వెటరుకు కూడా రెండు నెలల్లో అలాంటి రంధ్రాలే పడ్డాయి. మూడోది గోధుమరంగు హెరింగ్‌బోన్ నేత కోటు, అంటే చేపముల్లులా వంకర గీతలు కనిపించే నేత. ఇది నాకు అన్ని విధాలా సరిపోయింది, గుడ్డ చాలా బాగుంది, కానీ బీరువా వాసన ఎంతకీ వదలడం లేదు. పైగా దాన్ని అదే కాలానికి చెందిన వెడల్పాటి టై, ఎత్తు నడుము ప్యాంటు, టోపీతో కలిపి వేసుకుని వెళ్లినప్పుడు ఏదైనా నాటకంలో వేషం కట్టారా అని ఇద్దరు అడిగారు. వాళ్లు ఎగతాళికి అడగలేదు, నిజంగానే అలా అనుకున్నారు.

కాబట్టి అనుభవం ఉన్నవారిని మూడు సంగతులు అడగాలనుకుంటున్నాను. దుకాణంలో నిలబడి ఉండగానే ఒక కోటు మంచిచెడ్డలు ఎలా తేల్చుకోవాలి? అది ఏ కాలానిదో తెలుసుకోవడానికి నమ్మదగిన ఆనవాళ్లు ఏమైనా ఉన్నాయా? వేషంలా కాకుండా మామూలు దుస్తుల్లా దాన్ని ఎలా తొడుక్కోవాలి?


కత్తెరగుర్తు సమాధానం

ఉన్నికోటు గారూ, నేను ఇరవై ఏళ్లుగా కోట్లు కత్తిరిస్తున్నాను. నా దగ్గరికి సరిచేయమని వచ్చే పాత కోట్లలో చాలావాటి విషయంలో మీ దర్జీ చెప్పిన మాటే నేనూ చెప్పవలసి వస్తుంది. అందువల్ల మీ మొదటి ప్రశ్నకు కొంచెం వివరంగా సమాధానం ఇస్తాను.

చీటీ మీది అంకెను లెక్కలోకి తీసుకోకండి. ఒకే అంకెను వేర్వేరు కాలాల్లో, వేర్వేరు దేశాల్లో, వేర్వేరు కుట్టుశాలల్లో వేర్వేరుగా కోశారు. అమెరికా, బ్రిటన్ కోట్లలో 40 అంటే ఛాతీ 40 అంగుళాలు ఉన్నవారికి ఉద్దేశించినదని అర్థం. ఐరోపా ఖండపు కోట్లలో అంకె ఛాతీ చుట్టుకొలతను సెంటీమీటర్లలో తీసుకుని సగం చేసినది, అంటే 50 అని ఉంటే అది సుమారుగా ఆ 40తో సమానం. ఇది తెలిసినా పెద్దగా లాభం లేదు, ఎందుకంటే మీకన్నా ముందు ఆ కోటును తొడిగినవారు దాన్ని ఎక్కడెక్కడ బిగించుకున్నారో, వదులు చేయించుకున్నారో చీటీకి తెలియదు. దీనికి బదులు మీ ఇంట్లో మీకు బాగా కుదిరిన కోటు ఒకటి బల్లమీద పరిచి నాలుగు కొలతలు రాసుకోండి: వీపు వైపున ఒక భుజం కుట్టు నుంచి మరో భుజం కుట్టు దాకా, గుండీలు పెట్టిన తర్వాత ఒక చంక నుంచి మరో చంక దాకా, భుజం కుట్టు నుంచి చేతి చివరి దాకా, కాలరు కింది కుట్టు నుంచి వీపు మీదుగా అంచు దాకా. చంక నుంచి చంకకు ఉన్న కొలతను రెట్టింపు చేస్తే వచ్చేది మీ ఒంటి ఛాతీ కొలత కన్నా సుమారు 4 అంగుళాలు ఎక్కువ ఉంటే ఊపిరి పీల్చడానికి, లోపల ఒక పలచని స్వెటరు వేసుకోవడానికి వీలుంటుంది. ఆ కాగితం, ఒక టేపు జేబులో ఉంచుకుంటే తొడిగి చూసే గది లేని దుకాణంలో కూడా మీరు మోసపోరు.

తొడిగి చూసే వీలుంటే అన్నిటికన్నా ముందు భుజం చూడండి. కోటుకు ప్రాణం అక్కడే ఉంటుంది, ఎందుకంటే మిగిలిన గుడ్డంతా భుజం మీద నుంచే వేలాడుతుంది. ఒక గోడకు పక్కగా నిలబడి మెల్లగా ఆనుకోండి; మీ చేతికండ కన్నా ముందు కోటు భుజం గోడకు తగిలితే అది మీకు పెద్దది. చేతి పైభాగం లోపలికి గుంటపడినట్టు కనిపిస్తే కూడా అదే అర్థం. భుజం ఇరుకైతే చేతి కండ బయటికి ఉబ్బి, కుట్టు దగ్గర గుడ్డ లాగినట్టు గీతలు పడతాయి. ఆ తర్వాత మెడ వెనక చూడండి. కోటు కాలరు చొక్కా కాలరును అంటిపెట్టుకుని ఉండాలి, మధ్యలో వేలు దూరేంత ఖాళీ కనిపిస్తే దాన్ని సరిచేయడం కష్టమైన పని. భుజం, మెడ ఈ రెండూ సరిగా లేని కోటును ఎంత మంచి గుడ్డ అయినా వదిలేయమని చెబుతాను. భుజాన్ని మార్చాలంటే చేతులు ఊడదీయాలి, లోపలి దూదిపట్టీ మార్చాలి, చంక గుండ్రాన్ని మళ్లీ కోయాలి. అంత పని చేసినా మొదటి కుట్టు అందం తిరిగి వస్తుందని ఎవరూ మాట ఇవ్వలేరు.

సులభంగా మార్చగలిగినవి కూడా ఉన్నాయి. నడుము దగ్గర మొత్తం మీద 2 అంగుళాల దాకా బిగించవచ్చు. అంతకు మించితే ముందు జేబులు పక్కలకు జరిగిపోయి కోటు ముఖం మారిపోతుంది. చేతులు పొట్టి చేయవచ్చు, అయితే చేతి చివర కాజాలు నిజంగా కోసి ఉన్నాయో, ఊరికే కుట్టుతో గీసి ఉన్నాయో ముందే చూడండి. నిజమైన కాజాలుంటే అటువైపు నుంచి పొట్టి చేయడానికి వీలుండదు. పొడవు చేయాలంటే చేతి లోపల మడిచిన గుడ్డ ఎంత మిగిలి ఉందో తడిమి చూడాలి. ఇక్కడ పాతబట్టలకు మాత్రమే ఉన్న ఒక చిక్కు ఉంది: గుడ్డ మిగిలి ఉన్నప్పటికీ దశాబ్దాలుగా వెలుగు తగలని ఆ మడత రంగు బయటి రంగుతో కలవకపోవచ్చు, పాత మడతగీత ఎంత ఇస్త్రీ చేసినా ఒక చారలా మిగిలిపోవచ్చు. వదులు చేయించుకోవడం కన్నా బిగించుకోవడమే ఎప్పుడూ క్షేమం. కోటు మొత్తం పొడవును తగ్గించమని మాత్రం ఎవరినీ అడగకండి, జేబులకూ అంచుకూ మధ్య దూరం చెడిపోతే ఆ కోటు అంచు తెగిన బొమ్మలా కనిపిస్తుంది.

ఇక లోపలి నిర్మాణం. కోటు ముందు భాగానికి ఆకారం ఇచ్చేది బయటి గుడ్డకూ లైనింగుకూ మధ్య ఉండే పొర. పూర్వం దాన్ని గుర్రపు వెంట్రుకలు కలిపి నేసిన కాన్వాసుతో చేసి, చేతికుట్టుతో వదులుగా పట్టించేవారు. తర్వాతి కాలంలో ఖర్చు తగ్గించడానికి జిగురు పొరను వేడితో అంటించడం మొదలుపెట్టారు. అన్నిటికన్నా కింది కాజాకు కొంచెం దిగువన గుడ్డను రెండు వైపులా చిటికెతో పట్టుకుని మెల్లగా విడదీయండి. మధ్యలో మూడో పొర ఒకటి విడిగా జారుతున్నట్టు వేళ్లకు తెలిస్తే అది కాన్వాసు. అలాకాక బయటి గుడ్డే మందంగా, అట్టలా అనిపిస్తే అది అంటించిన కోటు. అంటించినవన్నీ చెడ్డవని నేను అనను. కానీ జిగురు పాతబడి వదిలితే ఛాతీ మీద బుడగలు లేస్తాయి, ఆ బుడగలను ఇస్త్రీ అణచలేదు. కాబట్టి వెలుగుకు ఏటవాలుగా పట్టి ఛాతీ, లాపెల్ (కాలరు కింద ఛాతీ మీదికి మడిచి ఉండే పట్టీ) భాగాలు చూసిన తర్వాతే కొనండి.

చివరిగా కోటును తిరగేసి పగటి వెలుగుకు అడ్డంగా పట్టుకోండి. మోచేతులు, చంకలు, జేబు నోళ్లు, ప్యాంటు అయితే కూర్చునే చోటు, తొడల మధ్య కుట్టు చూడండి. వెలుగు చుక్కల్లా కనిపిస్తే రంధ్రాలు. మసగ్గా, వలలా కనిపిస్తే పడుగు మిగిలి పేక అరిగిపోయిందని అర్థం. రంధ్రాన్ని రఫ్ఫు చేయించుకోవచ్చు. అరిగిపోయిన గుడ్డకు కుట్టు నిలవదు.


గుండీలపెట్టె సమాధానం

కత్తెరగుర్తు గారు చెప్పినదానికి నేను కలపవలసింది ఏమీ లేదు, రెండో ప్రశ్నకు మాత్రం సమాధానం ఇస్తాను. కాలాన్ని తేల్చే ఆనవాళ్లలో దాదాపు అన్నీ చెప్పేది ఒకటే: ఈ కోటు ఫలానా ఏడాది కన్నా ముందుది కాజాలదు. ఫలానా ఏడాదిలోనే కుట్టారని చెప్పేవి చాలా తక్కువ. ఈ తేడాను గుర్తుంచుకుంటే అమ్మేవారి మాటలను, మన ఆశలను కూడా అదుపులో పెట్టుకోవచ్చు.

అమెరికాలో కుట్టిన కోటు అయితే ఛాతీ లోపలి జేబును తిరగేసి చూడండి. కుట్టుపనివారి సంఘం, అంటే అమాల్గమేటెడ్ క్లోదింగ్ వర్కర్స్ ఆఫ్ అమెరికా, ఆ జేబు అడుగున ఒక చిన్న చీటీ కుట్టించేది. ఆ చీటీ మీద 1939, 1949, 1962 వంటి అంకెలు ఉంటాయి. చాలామంది ఆ అంకెను కోటు పుట్టిన ఏడాదిగా పొరబడతారు. నిజానికి అది ఆ చీటీ నమూనా మొదలైన ఏడాది. తర్వాతి నమూనా వచ్చేదాకా అదే చీటీ వాడారు. అంటే 1949 చీటీ ఉన్న కోటు 1949కీ 1962కీ మధ్యది, 1962 చీటీ ఉన్నది 1962కీ 1976కీ మధ్యది. 1976లో ఆ సంఘం బట్టల మిల్లు కార్మికుల సంఘంతో కలిసిపోయి పేరు మారింది కాబట్టి చీటీ కూడా మారింది.

అదే దేశపు కోట్లలో మరికొన్ని గుర్తులు ఉన్నాయి. డబ్ల్యూ పి ఎల్ అనే మూడక్షరాల తర్వాత ఒక సంఖ్య ఉంటే, అది 1939 నాటి ఉన్ని వస్త్రాల చట్టం ప్రకారం తయారీదారుకు ఇచ్చిన నమోదు సంఖ్య. ఆ చట్టం 1941లో అమలులోకి వచ్చింది. 1959 తర్వాత కొత్తవారికి ఆర్ ఎన్ అనే అక్షరాలతో మొదలయ్యే నమోదు సంఖ్యలు మాత్రమే ఇచ్చారు, కానీ పాత సంఖ్య ఉన్నవారు దాన్ని ఆ తర్వాత కూడా వాడుకున్నారు, అందువల్ల అది ఉన్నంతమాత్రాన కోటు యాభైలదని తేల్చలేము. గుడ్డలో ఏ నూలు ఎంత శాతమో తెలిపే చీటీలను అన్ని రకాల వస్త్రాలకూ విస్తరించిన చట్టం 1960లో అమలయింది. ఎలా ఉతకాలో చెప్పే చీటీ తప్పనిసరి అయింది 1972లో. ఆ చీటీ లేకపోవడం పాతదనానికి ఒక సూచన మాత్రమే, దాన్ని ఎవరైనా కత్తిరించి ఉండవచ్చు కదా.

బ్రిటన్ కోట్లలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన గుర్తు రెండు సి అక్షరాలు, పక్కన 41 అనే అంకె ఉన్న చిన్న ముద్ర. ఆ రెండు సి అక్షరాలను చూస్తే ఒక వైపు కొంచెం కొరికిన బిళ్లల్లా ఉంటాయి. యుద్ధకాలంలో గుడ్డ కొరత ఏర్పడినప్పుడు 1941లో ప్రభుత్వం యుటిలిటీ పథకం కింద తయారైన దుస్తులకు ఈ ముద్ర వేయించింది, ఆ పథకం 1952 దాకా నడిచింది. ఆ రోజుల్లో కొంతకాలం మగవారి ప్యాంట్ల అడుగున మడతలు వేయడాన్ని కూడా నిషేధించారు, జేబుల సంఖ్యకూ గుండీల సంఖ్యకూ హద్దులు పెట్టారు. ఇవన్నీ తెలిసిన తర్వాత ఒక సాదా బూడిదరంగు కోటును చేతిలోకి తీసుకుంటే అందులో ఏది ఎందుకు లేదో మనకు కనిపిస్తుంది. నాకు ఈ వ్యాపకంలో ఉన్న ఆనందమంతా అక్కడే ఉంది.

దేశంతో సంబంధం లేని ఆనవాళ్లు కూడా కొన్ని చెబుతాను. ఉన్ని ఉండలా మెలితిరిగిన వూల్‌మార్క్ గుర్తు 1964లో వచ్చింది, అది ఉంటే కోటు అంతకన్నా పాతది కాదు. పాలియెస్టర్‌ను 1941లో బ్రిటన్‌లో కనుగొన్నా అది దుస్తుల్లోకి వచ్చింది యాభైల్లోనే. ప్యాంటు ముందు గుండీలకు బదులు జిప్పు వాడటం 1930ల రెండో సగం నుంచి పెరిగింది. హారిస్ ట్వీడ్ అనే స్కాట్లండు గరుకు ఉన్ని గుడ్డ మీద ఉండే గోళం, శిలువ గుర్తు 1910లో నమోదైంది. 1993లో బ్రిటన్ పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం ఆ పేరు పెట్టుకోవాలంటే ఔటర్ హెబ్రిడీస్ దీవుల్లోనే రంగు వేసి, వడికి, దీవివాసులు తమ ఇళ్లలో నేసిన గుడ్డ అయి ఉండాలి. లాపెల్ వెడల్పు కూడా కొంత చెబుతుంది: అరవైల్లో అది 2 నుంచి రెండున్నర అంగుళాలకు కుంచించుకుపోయింది, డెబ్బైల్లో 4 అంగుళాలు దాటింది, ఎనభైల్లో భుజాలకు దళసరి మెత్తలు వచ్చి గుండీ కిందికి దిగింది. అయితే ఫ్యాషన్లు తిరిగి వస్తుంటాయి కాబట్టి ఆకారాన్ని చీటీకి సాక్ష్యంగా వాడండి, చీటీకి బదులుగా వాడకండి.

ఇంకొక్క మాట. ఒకరి కొలతకు ప్రత్యేకంగా కుట్టించుకున్న కోట్లలో లోపలి జేబులో దర్జీ చేతిరాతతో తేదీ, కుట్టించుకున్నవారి పేరు ఉండే చీటీ ఒక్కోసారి దొరుకుతుంది. సరిగ్గా ఏడాది తెలిపే ఆనవాలు అదే. దాన్ని దయచేసి ఎప్పుడూ ఊడదీయకండి.


ఉన్నికోటు

ఇద్దరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. గుండీలపెట్టె గారి సమాధానం చదవగానే లేచి వెళ్లి గోధుమరంగు కోటు లోపలి జేబును తిరగేశాను. అడుగున, నేను ఇన్నాళ్లూ చూడని చోట, సంఘం చీటీ ఉంది, దాని మీద 1962 అని ఉంది. ఉతికే విధానం చెప్పే చీటీ లేదు, కత్తిరించిన గుర్తు కూడా కనిపించలేదు. లాపెల్‌ను కొలిస్తే రెండున్నర అంగుళాలు వచ్చింది. చిటికెతో పట్టి చూస్తే మధ్య పొర జారుతోంది. ఇక మిగిలింది వాసన, ఆ రంధ్రాల సంగతి. నీలం కోటును ఒక సంచిలో కట్టి బయట పెట్టాను, దాన్ని పారేయవలసిందేనా?


పడుగుపేక సమాధానం

పారేయనక్కరలేదు. నేను పాత వస్త్రాలను భద్రపరిచే పని చేస్తాను, ఈ సమస్య మాకు నిత్యం ఎదురయ్యేదే.

బట్టలను కొరికేది రెక్కలతో ఎగిరే చిమ్మెట కాదు, దాని పిల్లపురుగు. ఉన్ని, పట్టు, బొచ్చు వంటి జంతు సంబంధమైన పోగులు దాని ఆహారం. శుభ్రమైన నూలును, నారను అది సాధారణంగా ముట్టదు. చెమట, తిండిమరకలు ఉన్న చోట ముందుగా తింటుంది, చీకటిలో, కదలిక లేని చోట పెరుగుతుంది. మీ స్వెటరుకు రంధ్రాలు పడటానికి కారణం ఇదే, నీలం కోటు మడతల్లో గుడ్లు ఉండి ఉంటాయి. ఆ రెండింటినీ విడివిడిగా పాలిథీన్ సంచుల్లో పెట్టి, గాలి వీలైనంత తీసేసి, మూతి గట్టిగా మూసి, సున్నాకు 18 డిగ్రీల సెల్సియస్ దిగువన ఉండే ఫ్రీజరులో రెండు వారాలు ఉంచండి. బయటికి తీసిన తర్వాత సంచిని వెంటనే విప్పకండి, గది వేడికి వచ్చేదాకా ఒక రోజు అలాగే వదిలేయండి, లేకపోతే గాలిలోని తేమ గుడ్డ మీద నీరుగా పేరుకుంటుంది. ఆ తర్వాత మెత్తని బ్రష్షుతో కాలరు కింద, జేబు మూతల కింద, అంచు మడతల్లో బాగా దులపండి. బీరువా మూలలను కూడా శుభ్రం చేయకపోతే ఈ శ్రమంతా వృథా అవుతుంది. ఇకమీదట దుకాణం నుంచి తెచ్చిన ఏ ఉన్ని వస్త్రాన్నీ ఈ పని చేయకుండా మీ బీరువాలోకి రానివ్వకండి. నఫ్తలీన్ ఉండలను నేను సిఫారసు చేయను. వాటి ఆవిరి ఊపిరికి మంచిది కాదు, జి 6 పి డి అనే ఎంజైము లోపం ఉన్నవారి ఎర్ర రక్తకణాలను అది దెబ్బతీస్తుంది.

గోధుమరంగు కోటు వాసన విషయంలో తొందరపడి పదే పదే డ్రైక్లీనింగుకు ఇవ్వకండి. ప్రతిసారీ ఆ ద్రావకం ఉన్నిలోని సహజమైన జిడ్డును కొంత తీసుకుపోతుంది, పాత కుట్టుదారాన్ని పరీక్షకు పెడుతుంది. ముందుగా నీడలో, గాలి బాగా ఆడే చోట, వెడల్పాటి భుజాలున్న హ్యాంగరుకు తగిలించి వారం పది రోజులు వదిలేయండి. వాసన ఎక్కువగా ఉండేది ఉన్నిలో కాదు, లైనింగులో, ముఖ్యంగా చంకల దగ్గర. తెల్ల వెనిగర్‌లో నాలుగింతల నీళ్లు కలిపి, ఎవరికీ కనిపించని ఒక మూల రంగు దిగుతుందేమో చూసుకున్న తర్వాత, పిండిన గుడ్డతో లైనింగును లోపలి వైపు మెల్లగా అద్దండి. దూరం నుంచి ఆవిరి పట్టి మళ్లీ ఆరబెట్టండి. రెండు మూడు విడతల్లో చాలా తేడా కనిపిస్తుంది. అప్పటికీ పోకపోతే లైనింగు కుళ్లడం మొదలైందేమో చూడండి. అలాంటప్పుడు లైనింగు మార్చడమే ఉపాయం, ఆ పని కోటు బయటి రూపాన్ని ఏమీ చెడగొట్టదు.


నీలిచొక్కా సమాధానం

మూడో ప్రశ్నకు ఎవరూ ఇంకా సమాధానం ఇవ్వలేదు కాబట్టి నేను ప్రయత్నిస్తాను. పదేళ్లుగా నేను ప్రతిరోజూ ఏదో ఒక పాత వస్త్రం తొడుక్కునే ఇంటి నుంచి బయలుదేరుతున్నాను, మొదట్లో మీరు ఎదుర్కొన్న ప్రశ్నే నాకూ ఎదురైంది.

ఉన్నికోటు గారూ, మిమ్మల్ని వేషధారిలా చూపించింది కోటు కాదు, దాని చుట్టూ మీరు చేర్చిన పరివారం. ఒకే కాలానికి చెందినట్టు కనిపించే కోటు, టై, ప్యాంటు, టోపీ నాలుగూ కలిసి వచ్చినప్పుడు చూసేవారి కళ్లు మనిషిని వదిలేసి కాలాన్ని చూస్తాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. మీ కోటు లాపెల్ రెండున్నర అంగుళాలని ఇప్పుడు చెప్పారు, దాని మీదికి వెడల్పాటి టై కట్టానని మొదట రాశారు. ఆ రెండూ ఒకే కాలానివి కావు. టై వెడల్పు లాపెల్ వెడల్పుకు దగ్గరగా ఉండాలన్నది ఏ కాలంలోనైనా కంటికి హాయినిచ్చే పద్ధతి. ఇరుకు లాపెల్ మీద వెడల్పు టై పడితే, కారణం తెలియనివారికి కూడా ఏదో కుదరలేదని అనిపిస్తుంది.

ఒకసారికి ఒక్క పాత వస్త్రం చాలు. మీ హెరింగ్‌బోన్ కోటు కింద ఏ కాలానిదో చెప్పలేని సాదా వస్త్రాలు వేసుకోండి: గుండ్రని మెడ ఉన్న ముదురు నీలం స్వెటరు, లేతరంగు నూలు చొక్కా, ముదురు జీన్సు లేదా బూడిదరంగు ఫ్లానెల్ ప్యాంటు, బొమ్మలూ మెరుపులూ లేని తోలు బూట్లు. టై లేకుండా పై గుండీ వదిలేస్తే కోటు ఒక్కసారిగా ఈనాటిదైపోతుంది. గరుకు నేత ఉన్న కోట్లకు ఈ స్వేచ్ఛ ఎక్కువ. ట్వీడ్, కార్డురాయ్, ఫ్లానెల్ వంటివి తమ జత ప్యాంటు లేకపోయినా విడిగా నిలబడతాయి. నున్నగా, మెరుస్తూ ఉండే సన్నని వర్‌స్టెడ్ గుడ్డతో కుట్టిన సూటు కోటును ప్యాంటు లేకుండా కొంటే మాత్రం అది ఎప్పుడూ సగం తప్పిపోయినట్టే కనిపిస్తుంది. దుకాణాల్లో అలాంటివి చాలా దొరుకుతాయి, వాటి జోలికి వెళ్లకండి.

ఎత్తు నడుము ప్యాంటు విషయం వేరుగా చెప్పాలి, ఎందుకంటే దాన్ని చాలామంది తప్పుగా తొడుగుతారు. అవి బొడ్డు దగ్గర నిలవడానికి కోసినవి, వాటి నడుము కొలత కూడా అక్కడిదే. ఈనాటి అలవాటు ప్రకారం తుంటి మీదికి దించితే తొడల మధ్య గుడ్డ వేలాడి, కాళ్లు పొట్టిగా కనిపిస్తాయి. లోపలి పట్టీ మీద గుండీలు ఉంటే అవి బెల్టు కోసం కాదు, భుజాల మీదుగా వచ్చే సస్పెండర్ల కోసం. స్వెటరు కింద వాటిని కట్టుకుంటే ఎవరికీ కనిపించవు, ప్యాంటు మాత్రం రోజంతా తన చోట నిలుస్తుంది.

ఇంకొకటి, దీన్ని నేను చాలా ముఖ్యమని నమ్ముతాను. ఆ కోటు వేసుకుని ఇంట్లో పని చేయండి, కూర్చోండి, జేబుల్లో చేతులు పెట్టండి, బస్సు ఎక్కండి. కొత్త కోటైనా పాత కోటైనా దాన్ని జాగ్రత్తగా మోస్తున్న మనిషి వేషంలో ఉన్నట్టే కనిపిస్తాడు. గుడ్డ ఒంటి వేడికి లొంగి మోచేతి దగ్గర మీ మడతలు పడేదాకా అది ఇంకా పాత యజమానిదే.


గుండీలపెట్టె

నీలిచొక్కా గారి మాటలతో ఏకీభవిస్తున్నాను. ఒక విన్నపం మాత్రం చేస్తాను. 1962 చీటీ, ఇరుకు లాపెల్, కాన్వాసు, ఇవన్నీ కలిస్తే ఈ కోటు అరవైల్లోనిదని చాలావరకు నమ్మవచ్చు. ఇలాంటివి రోజురోజుకూ తగ్గిపోతున్నాయి. దయచేసి ఈనాటి పద్ధతికి తగ్గట్టు దాన్ని బిగుతుగా కోయించకండి, గుండీలు మార్చించకండి. మీ తర్వాత కూడా దాన్ని ఎవరో ఒకరు తొడగాలి.


కత్తెరగుర్తు

గుండీలపెట్టె గారి మీద నాకున్న గౌరవం తగ్గకుండానే దీన్ని కొంత కాదంటాను. ఒంటికి కుదరని కోటు బీరువాలో ఉంటుంది, బీరువాలో ఉన్న కోటును చిమ్మెట తింటుంది. నడుము కొంచెం బిగించడం, చేయి అరంగుళం తగ్గించడం వల్ల కోటు చెడిపోదు, నిజానికి వాటిని మొదట కుట్టినవారు లోపల గుడ్డ మిగిల్చింది ఇలాంటి మార్పుల కోసమే. అయితే తీసిన గుడ్డను కోసి పారేయవద్దని, లోపలే మడిచి కుట్టమని మీ దర్జీకి గట్టిగా చెప్పండి. అప్పుడు రేపు తొడిగేవారు దాన్ని మళ్లీ విప్పుకోవచ్చు. లాపెల్‌ను కోయడం, పొడవు తగ్గించడం విషయంలో మాత్రం ఆయన చెప్పినదే నా మాట కూడా.


గుండీలపెట్టె

లోపలే మడిచి కుట్టేటట్లయితే నాకు అభ్యంతరం లేదు.


ఉన్నికోటు

మూడు వారాల తర్వాత మళ్లీ రాస్తున్నాను. నీలం కోటు, స్వెటరు రెండూ ఫ్రీజరు నుంచి బయటికి వచ్చాయి, బీరువా అడుగుపలకలు తీసి శుభ్రం చేశాను. పగటి వెలుగుకు అడ్డంగా పట్టి చూస్తే నీలం కోటులో పదకొండు రంధ్రాలు లెక్క తేలాయి. వాటిలో రెండు తప్ప మిగిలినవన్నీ చేతి వెనక వైపు ఉన్నాయి కాబట్టి రఫ్ఫుకు ఇచ్చాను. అంచు లోపలి నుంచి తీసిన పోగులతోనే రంధ్రాలను అల్లుతానని ఆ పని చేసే ఆవిడ చెప్పారు. భుజాలు కుదరని బూడిదరంగు కోటును కొన్న చోటికే తిరిగి ఇచ్చేశాను, నాకన్నా వెడల్పాటి భుజాలున్నవారికి అది సరిపోతుంది.

గోధుమరంగు కోటు వాసన వెనిగర్ రెండో విడత తర్వాత దాదాపు పోయింది, వర్షం పడిన రోజు మాత్రం కాలరు దగ్గర కొంచెం తెలుస్తోంది. నడుము ఒక అంగుళం బిగించి, తీసిన గుడ్డను లోపలే ఉంచారు. నిన్న దాన్ని నీలం స్వెటరు మీద, టై లేకుండా వేసుకుని రోజంతా తిరిగాను. నాటకం సంగతి ఎవరూ అడగలేదు. సాయంత్రం ఒకాయన మాత్రం చేతి గుడ్డను వేళ్లతో పట్టుకుని చూసి, ఇలాంటి గుడ్డ ఎక్కడ దొరికిందని అడిగారు. నేను లోపలి జేబు తిరగేసి ఆ చీటీని చూపించాను.